సాపు ప్రతి

నా భార్య చిత్తుపుస్తకం పోయింది ఒక మంగళవారం పొద్దున. ఆమె పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. పుస్తకం పోయింది అంటున్నాను గాని, నేనే చేతులారా ఇచ్చేశాను.

పాత కాగితాలు కొనే మనిషి వరండాలో తక్కెడ దించుకుని కూర్చున్నాడు. దిద్దడం అయిపోయిన పరీక్ష పేపర్ల కట్టలు, ఏడాది నాటి వార్తాపత్రికలు, ఆసుపత్రి కాగితాల సంచీ ఒక్కొక్కటే తెచ్చి అతని ముందు పెట్టాను. వాటితో పాటు ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు కూడా పెట్టాను. అతను దాన్ని తిరగేసి చూశాడు.

"ఇందులో ఖాళీ పేజీలున్నాయి మాస్టారూ. ఉంచుకోండి."

"సాపు రాసేశాను. అక్కర్లేదు" అన్నాను.

ముప్పై నాలుగేళ్ళుగా నేను క్లాసులో చెబుతున్న మాటలు రెండున్నాయి. సాపు రాశాక చిత్తు దగ్గర పెట్టుకోవద్దు, రెండూ కలిసిపోతాయి. మార్జిన్‌లో రాసింది లెక్కలోకి రాదు. పిల్లలకు చెప్పినవే ఇంట్లోనూ పాటించాను. నేను చేసిన తప్పంతా ఇంతే.

ఆ పుస్తకంలో ఉన్నది ఒక ప్రయాణం. జబ్బు ముదిరాక, పక్క మీద లేచి కూర్చోగలిగిన రోజుల్లో ఆమె రాసింది. పెద్ద రోడ్లు వదిలేసి పాత రోడ్ల మీదుగా పదకొండు మజిలీలు. రోజుకు అరవై కిలోమీటర్లు మించకూడదు. నాలుగింటికల్లా బండి ఆపి గుడారం వేసుకోవాలి. వంట సొంతంగా చేసుకోవాలి. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, పొద్దుటెండ ఎక్కడ మొహాన పడదో అన్నీ రాసింది. ఆమె చేతిరాత మొదటి నుంచీ అంతంత మాత్రం. చివరి పేజీల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. మందు మరకలు కూడా పడ్డాయి. ఆమె పోయాక మధ్యాహ్నాలు గడవక, కొత్త నోటుబుక్కు తెచ్చి, ఎర్ర గీతతో మార్జిన్ కొట్టి, నాలుగు రోజులు కూర్చుని మొత్తం తిరగరాశాను. నా జన్మలో అంత మంచి దస్తూరీతో ఇంకేదీ రాయలేదు.

తర్వాతి వారం బుడ్డోడు వచ్చాడు.

బుడ్డోడంటే నా బావమరిది. నలభై తొమ్మిదేళ్ళ వెల్డరు. మెడ మీద, ముంజేతుల మీద నిప్పురవ్వలు చేసిన మచ్చలు. వాళ్ళక్క అలా పిలిచేది కాబట్టి వీధిలో పిల్లలకు కూడా బుడ్డోడు మావయ్యే. ఎక్కడో పాత పాలవ్యాను కొని, లోపల ఇనుప మంచం అతికించి, మా గుమ్మం ముందు తెచ్చి ఆపాడు.

"బావా, బడికి సెలవులిచ్చారుగా. సంచీ సర్దుకో. అక్క గీసిన దారిన పోదాం."

వెనక తలుపు తీశాడు. మంచం మీద పరుపు ఎత్తి చూపించాడు. కింద మూడడుగుల ఇనుప పలక. గ్యాస్ మంటతో అక్షరాలు కోశాడు. పైన వాళ్ళ నాన్న పేరు. దాని కింద మూడు వాక్యాలు: లారీ డ్రైవరు. ఇద్దరు పిల్లల తండ్రి. ఇక్కడ ఆగాడు.

ఆ సంగతి నాకు తెలుసు, కానీ సగమే తెలుసు. వాళ్ళమ్మ బుడ్డోడు పుట్టినప్పుడే పోయింది. సెలవులొస్తే వాళ్ళ నాన్న పిల్లలిద్దరినీ లారీలో కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఒక వానాకాలం, తెల్లవారుతుండగా, లారీ రోడ్డు దిగి పల్టీ కొట్టింది. నాన్న అక్కడికక్కడే పోయాడు. వరదకు వంతెన కొట్టుకుపోయి, మనిషిని ఇంటికి చేర్చే దారి లేక, ఎవరో పుణ్యాత్ములు రోడ్డు పక్కనే పూడ్చిపెట్టారు. అప్పుడు నా భార్యకు పదకొండేళ్ళు, వీడికి మూడు. ఆమె తమ్ముణ్ణి చంకనేసుకుని, వాడి కళ్ళు అరచేత్తో మూసి నిలబడింది. వీడికి గుర్తున్నది ఆ చెయ్యి, డీజిలు వాసన. అంతే. ఆ ఊరి పేరు తనకూ తెలియదని చెప్పేది. చూస్తే గుర్తుపడతాను అనేది. పెద్దయ్యాక వీడు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగాడు. ఆ ఏడు రికార్డులు వరదకు తడిసిపోయాయన్నారు.

"మూసింది నువ్వే, తెరవాల్సిందీ నువ్వే అని ఆసుపత్రిలో అక్కతో పోట్లాడాను" అన్నాడు బుడ్డోడు పలక మీద పరుపు కప్పుతూ. "పుస్తకంలో ప్రతి మజిలీ పక్కనా ఒక బొమ్మ వేశానంది. నాన్న దగ్గర మాత్రం వేరే రకం బొమ్మ వేశానంది. ఏదని అడిగితే, అక్కడికెళ్ళాక నేనే చూపిస్తాగా, తొందరేంటి అంది. తొందరపడింది తనే. పోన్లే, పుస్తకం ఉందిగా."

పక్కన బొమ్మ. పక్కన అంటే మార్జిన్‌లో.

ఆ సాయంత్రం నేను కాగితాల గోడౌనుకు నడిచి వెళ్ళాను. యజమాని బస్తాల మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"పోయిన మంగళవారానివా? మిల్లుకెళ్ళి మూడు రోజులైంది. ఈపాటికి గుజ్జు అయిపోయుంటుంది. ఏం పోయింది, సర్టిఫికెట్లా?"

"నోటుబుక్కు."

"నోటుబుక్కేగా! మళ్ళీ నోటుబుక్కయ్యే వస్తుంది లెండి, కొనుక్కోండి" అని నవ్వాడు. అతనిలో తప్పేం లేదు. నేను కూడా కొంచెం నవ్వినట్టు గుర్తు.

బుడ్డోడికి చెప్పలేదు. చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మాటలు ఆచితూచి వాడే మనిషికి ఇదొక సుఖం: సరైన మాట దొరకలేదు అనుకుని ఊరుకోవచ్చు.

బయల్దేరిన పొద్దున, వ్యాను ఊరు దాటాక, పుస్తకం ఇమ్మన్నాడు. ఇచ్చాను. స్టీరింగు మీద పెట్టుకుని ఒక పేజీ తిప్పాడు.

"ఇది అక్క రాత కాదే."

"సాపు రాశాను."

"అవున్లే, అక్కది కోడి గీకుడు. అసలుదేది?"

"ఇంట్లో ఉంది" అన్నాను.

అబద్ధం చెప్పడం ఇంత తేలికని యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

మొదటి రోజు నలభై మీద నడిపాడు. అక్క అలాగే రాసిందట, మెల్లగా పొమ్మని. వెనక నుంచి వచ్చే ప్రతి బండీ హారన్ కొట్టి, పక్కకొచ్చి తిట్టి పోయింది. చిన్న చిన్న ఊళ్ళు: ఒక బంకు, ఒక మందుల షాపు, ఒక సైకిలు రిపేరు, ఊరయిపోయింది. మనుషులు గుమ్మాల్లో నిలబడి మా వ్యాను వైపు చూశారే గాని ఒక్కరూ పలకరించలేదు. మొదటి మజిలీ ఒక మూతపడ్డ మిల్లు పక్కన ఖాళీ జాగా. గుడారం మేకులు కొడుతుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవరు మీరు? ఇల్లూ వాకిలీ లేదా?"

"ఉంది" అన్నాడు బుడ్డోడు.

"ఉంటే ఇక్కడెందుకు పడుకుంటున్నారు?"

"సరదాకి."

"సరదా!" వాచ్‌మన్ నా తెల్లజుట్టు చూశాడు. "ఈ వయసులో? పొద్దున్న ఆరింటికి కనబడ్డారంటే మాత్రం సరదా తీరుతుంది."

బుడ్డోడు నవ్వాడు. ఆ ప్రయాణంలో అతను నవ్వడం అదే ఆఖరు. తను గుడారంలో పడుకున్నాడు, నన్ను వ్యానులో పడుకోమన్నాడు. పరుపు పలచన. పలక మీద వాళ్ళ నాన్న పేరు నా నడుముకు, 'ఇక్కడ' అన్న మాట మోకాళ్ళ దగ్గర తగులుతూ ఉన్నాయి.

రెండో మజిలీ పాడుబడిన కాటా, ఒకప్పుడు లారీలు తూచేచోటు. స్టవ్ వెలిగించి పెనం మీద గుడ్లు కొట్టాడు. ఒక చేత్తో పుస్తకం తిప్పుతున్నాడు.

"బావా, మార్జిన్ ఇంత ఖాళీగా ఉందేంటి? బొమ్మలేవీ?"

"సాపులో వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

నేను జవాబు చెప్పేలోపే ఫోన్ తీశాడు. మా పక్కింటి పెద్దమ్మకు చేశాడు, మా ఇంటి తాళంచెవి ఆమె దగ్గర ఉంటుంది. "పెద్దమ్మా, బావ వాళ్ళింట్లో ఒక ఆకుపచ్చ నోటుబుక్కుంటుంది, కొంచెం పేజీలు ఫొటో తీసి పంపుతావా? ఎక్కడా? ఉండు." నా వైపు తిరిగాడు. "బీరువాలోనా, బల్ల మీదా? లైన్లో ఉంది."

"లేదు" అన్నాను.

"ఏం లేదు?"

"పుస్తకం. కాగితాల వాడికి వేశాను."

అతను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నన్ను చూశాడు. తర్వాత చాలా మామూలుగా, "లేదంట పెద్దమ్మా. తాళం వేసేయ్" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెనం మీద గుడ్లు నల్లబడ్డాయి. వాటిని గీకి, రెండు పళ్ళేల్లో సమానంగా పెట్టి, ఒకటి నా ముందుకు తోశాడు.

"తినండి మాస్టారూ."

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో అతను నన్ను బావా అని, నువ్వు అని తప్ప ఇంకో విధంగా పిలవలేదు. ఆ సాయంత్రం నుంచి మాస్టారూ, మీరు. అతని నోటి నుంచి వచ్చిన గౌరవం చెంపదెబ్బలా తగిలింది.

"తడిగుడ్డతో గొంతు కోశారు. అరిచి చెప్పినా బాగుండేది, ఇంట్లో ఉందని ఎంత నెమ్మదిగా అన్నారు! మీకు ఎప్పుడు తెలిసింది, అందులో నాన్న ఉన్నాడని?"

"నువ్వు వ్యాను తెచ్చిన రోజు."

"తెలిసీ బండెక్కారు."

"ఎక్కాను."

"ఎందుకు?"

ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేక, అని చెప్పలేదు. అతను వ్యానులోకి వెళ్ళి నా సంచీలోంచి తెల్లకాగితాలు, ఎర్రకలం తెచ్చాడు. కాగితానికి నిలువుగా ఒక గీత కొట్టి నా ముందు పెట్టాడు.

"పరీక్ష. పదకొండు బొమ్మలు. చూసే రాశారుగా, గుర్తుంటాయి. మార్జిన్‌లో మాత్రమే వెయ్యండి. లోపల రాసింది లెక్కలోకి రాదు."

నేను కూర్చుని వేశాను. అతను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నేను పిల్లల్ని ఎలా చూస్తానో అలా చూశాడు. మొదటి మజిలీ పక్కన గొడుగు వేశాను.

"గొడుగా? నిన్నటి చోట గొడుగు ఎక్కడుంది?" అన్నాడు. తనే మళ్ళీ, "ఉంది. వాచ్‌మన్ కూర్చునే సిమెంటు గొడుగు" అన్నాడు.

ఇక్కడ, రెండో దాని పక్కన, పళ్ళాల్లేని తక్కెడ. మూడు, పక్కపక్కనే రెండు పొగగొట్టాలు, చెవుల్లాగా. నాలుగు, కత్తెర. ఐదు, మెట్లు. ఆరు, చేప. అక్కడ కలం ఆగింది. పదికి, పదకొండుకి వేశాను: గంట, నిచ్చెన.

"ఏడు?"

"గుర్తు లేదు."

"ఎనిమిది? తొమ్మిది?"

"చూడలేదు."

"ఆరూ చూశారు, పదీ చూశారు. మధ్యలోవి చూడలేదా?"

"మూడో రోజు రాస్తున్నప్పుడు ఆమె పుస్తకం మార్జిన్ మీద స్కేలు పెట్టుకున్నాను. బొమ్మలు కనబడుతుంటే చెయ్యి ముందుకు సాగలేదు. ఆ రోజు రాసినవి ఆ మూడే. నాలుగో రోజు కింద గీతలు కొట్టడానికి స్కేలు కావాల్సొచ్చి తీశాను."

అతను ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

"మీ చెయ్యి ఆగకూడదని. మీ స్కేలు కింద మా నాన్నున్నాడు మాస్టారూ."

మర్నాడు వెనక్కి తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. ముందుకే నడిపాడు, అదే నలభై మీద. అలా నెమ్మదిగా పోవడం శిక్షలా ఉండేది. కిటికీ అవతల ప్రతి మైలురాయీ చదివేంత తీరిక, చదివింది చెబుదామంటే పక్కన మాట్లాడే మనిషి లేకపోవడం. నీళ్ళు కావాలంటే సీసా చూపించేవాడు. ఎడమవైపు బండి వస్తుందేమో చూడమని గడ్డంతో చూపించేవాడు. పెట్రోలు బంకులో పనిచేసే అమ్మాయి, "ఏంటండీ, అన్నదమ్ములా? పోట్లాడుకున్నారా?" అంది. "ఈయన మా అక్క మొగుడు. మా అక్క లేదిప్పుడు. కాబట్టి ఏమీ కాడు" అన్నాడు బుడ్డోడు. ఆ అమ్మాయి నా వైపు చూడకుండా గొట్టం తగిలించేసింది.

మూడో మజిలీ దగ్గర ఇటుక బట్టీ పొగగొట్టాలు రెండూ అలాగే ఉన్నాయి. నాలుగో ఊళ్ళోకి మలుపు తిరగగానే దర్జీల వీధి మొదట్లో ఇనుప కమాను, దాని మీద తలుపంత కత్తెర, తుప్పు పట్టింది. బుడ్డోడు బ్రేకు వేసి, దిగి, దాని కింద నిలబడి తల ఎత్తి చూశాడు. వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అతను తాపీగా వచ్చి కూర్చుని, "రైటు. ఒక మార్కు" అన్నాడు.

అయిదో చోట ఏటి గట్టున రాతి మెట్లు. పైన ఉండాల్సిన ఇల్లు ఎప్పుడో పోయింది, మెట్లు మాత్రం ఆకాశంలోకి ఎక్కి ఆగిపోయాయి. ఆరో చోట పడవ రేవు ఆఫీసు గోడ మీద చేప, రంగు వెలిసి తోకే మిగిలింది. అప్పటికి నాకు అర్థమైంది. ఇవి లారీ కిటికీలోంచి పదకొండేళ్ళ పిల్ల చూసినవి. ఊళ్ళ పేర్లు చదివే లోపు లారీ దాటిపోయేది, ఆ పిల్ల బొమ్మలు దాచుకుంది. ముప్పై ఏళ్ళు ఆమెతో కాపురం చేశాను. ఆ పిల్లను ఆ గోడ దగ్గర మొదటిసారి చూశాను. బుడ్డోడికి ఆ మాట చెప్పబోయాను. అతను చేప తోక మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను వెళ్ళి వ్యానులో కూర్చున్నాను.

ఆ ఆరూ దారిలో కనబడే వస్తువులే, పదిలో గంటా పదకొండులో నిచ్చెనా అలాంటివే; వాటిలో వేరే రకం బొమ్మ ఏదీ లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆ మూడింటిలోనే వాళ్ళ నాన్న ఉన్నాడు.

ఏడో ఊరు రాళ్ళ క్వారీ ఊరు. ఇళ్ళ కప్పులు, ఆకులు, కుక్కల వీపులు అన్నీ తెల్లటి పొడి. ఊరి చివర కల్వర్టు దగ్గర దిగి, బుడ్డోడు రోడ్డు వారగా నేల చూసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి పలక కూడా దింపి కల్వర్టుకు ఆనించాడు, ఎవరైనా పేరు చూసి పోల్చుకుంటారేమోనని. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి చూస్తున్నారు. ఒకామె వచ్చింది.

"ఏం కొలుస్తున్నారు?"

"కొలవట్లేదమ్మా. వెతుకుతున్నాం."

"పోయినసారి వచ్చినోళ్ళూ అదే చెప్పారు. రోడ్డు వెడల్పు చేస్తామని ఆరిళ్ళు కొట్టారు. ఆ ఇనప బోర్డేంటి? ఇక్కడిదాకా మీదని పాతిపోతారా?"

"మా నాన్నదమ్మా అది."

"మీ నాన్నదా ఈ రోడ్డు?" అందామె. వెనక ఎవరో నవ్వారు. "ఆ పెద్దాయన కాగితాలు పట్టుకుని రాసుకుంటున్నాడు చూడు, ఆయనే ఆఫీసరు!"

నా చేతిలో ఉన్నది బొమ్మల కాగితం. చెప్పడానికి ముందుకు వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళు క్లాసు చెప్పిన గొంతుతో, "దయచేసి నా మాట వినండి" అన్నాను. ఆఫీసర్లు కూడా సరిగ్గా అలాగే అంటారని తర్వాత తెలిసింది. మొదటి రాయి వ్యాను రేకుకు తగిలింది. రెండోది నా భుజానికి. బుడ్డోడు పలక ఎత్తి గుండెకు అడ్డం పెట్టుకుని వ్యాను దగ్గరికి పరుగెత్తాడు, వెనకే నేనూ ఎక్కాను. రెండు కిలోమీటర్లు పోయాక బండి ఆపి నా చొక్కా పక్కకు లాగి భుజం చూశాడు.

"ఎముకేం విరగలేదు" అన్నాడు. నిరాశగా అన్నట్టే ఉంది.

ఎనిమిదో మజిలీలో టైర్లకు పంక్చర్లు వేసే ముసలాయన ఒకడు దొరికాడు. తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తూ మా మాట విన్నాడు.

"ఏ ఏడాది?"

"నలభై ఆరేళ్ళ కింద. వానల్లో" అన్నాడు బుడ్డోడు.

"వంతెన పోయిన ఏడా? ఆ ఏడు ఈ రోడ్డు మీద పోయిన డ్రైవరు ఒక్కడా ఇద్దరా? ఇక్కడొకణ్ణి పూడ్చాం. క్వారీ ఊళ్ళో ఒకణ్ణి. అవతలి ఊళ్ళో ఇద్దర్నని విన్నాను. మోసుకుపోవడానికి దారేదీ?"

"పిల్లలున్న లారీ. చిన్నపిల్ల, చంకలో ఇంకో పిల్లాడు."

ముసలాయన ట్యూబు మీంచి చెయ్యి తీశాడు. "పిల్ల... పిల్లను చూశాను. ఏడవలేదు. వాడి మొహం మొత్తం అరచేత్తో మూసేసింది, ఊపిరాడుతుందో లేదోనని మా ఆవిడ వెళ్ళి చెయ్యి తియ్యబోతే కరిచింది."

బుడ్డోడు తొట్టి అంచు పట్టుకున్నాడు. "అది ఇక్కడేనా తాతా? ఇక్కడ పూడ్చింది మా నాన్ననేనా?"

"పిల్లను చూసింది బస్సు ఎక్కిస్తున్నప్పుడు. మూడు ఊళ్ళ వాళ్ళనీ ఇక్కణ్ణుంచే ఎక్కించారు. ఇక్కడిదో, అక్కణ్ణుంచి నడిపించుకొచ్చారో..." అతను తల అడ్డంగా ఊపాడు. "నాకు నిన్న తిన్నది గుర్తుండదు నాయనా. నన్ను నమ్మి పలక పాతకు."

ఆ రాత్రి బుడ్డోడు అన్నం వండలేదు. నేను వండాను. తినలేదు.

తొమ్మిదో మజిలీకి వెళ్ళేసరికి మజిలీయే లేదు. పాత రోడ్డు మీద మనిషెత్తు మట్టి పోసి కొత్త రోడ్డు వేశారు. దాని వెంబడి వరసగా షట్టర్లు: సెల్‌ఫోన్లు, ఎరువులు, ఫ్లెక్సీ బోర్డులు. కింద ఏముందో తవ్వి చూసే మాట లేదు. ఫ్లెక్సీ షాపువాడు బయటికొచ్చి, షట్టరు ముందు బండి తియ్యమని గొడవ పెట్టుకున్నాడు. తీసి, ఊరు దాటాక, ఒక వేప చెట్టు పక్కన ఆపాం. మధ్యాహ్నం మూడయింది. బుడ్డోడు పలక దింపాడు, గడ్డపార దింపాడు. రెండూ నేల మీద పెట్టి వాటి పక్కన కూర్చున్నాడు.

అప్పుడు నేను ఆ మాట అన్నాను. ఈ ప్రయాణంలో నాకై నేను మొదలుపెట్టిన మాట అదొక్కటే.

"ముసలాయన ఊరికి వెనక్కి పోదాం. బస్సు అక్కడే ఎక్కారు కదా. మూడింటికీ మధ్య చోటు అది. అక్కడ పెడితే దాదాపు సరిపోతుంది."

"దాదాపు" అన్నాడతను.

"పూర్తిగా తెలిసే దారి లేనప్పుడు..."

అతను లేచాడు. నా చొక్కా రెండు చేతులతో పట్టుకుని పలక దగ్గరికి లాక్కెళ్ళి, తల వంచి చదివించాడు. అతని చేతులు కాలిన ఇనుము వాసన వేస్తున్నాయి.

"చదవండి. చివరి మాట చదవండి. ఏమని కోశాను?"

"ఇక్కడ ఆగాడు."

"ఇక్కడ అని కోశాను. ఈ చుట్టుపక్కల అని కొయ్యలేదు. దీనికి సగం మార్కులు ఉండవు మాస్టారూ! మా అక్క ఒక్క నిజం దాచుకుంది జీవితమంతా, చచ్చేముందు రాసిచ్చింది, మీరు దాన్ని అందంగా చేసి తూకానికి వేశారు. ఇప్పుడు ఒక అబద్ధాన్ని మా నాన్న పేరు కింద పాతమంటున్నారు."

చొక్కా వదిలేశాడు. నేను కింద కూర్చున్నాను. అక్కణ్ణుంచే అన్నాను:

"నాక్కూడా ఆమెది మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. ఆమె చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు. సరుకుల చీటీ కూడా లేదు. వెతికాను."

అతను నా వైపు చూడలేదు. పలకను తిప్పి మళ్ళీ పరుపు కిందకు తోశాడు.

"అయితే మీకూ తగిన శాస్తే" అన్నాడు.

పది, పదకొండు కూడా చూశాం. అతను పట్టుబట్టాడు. గంట ఉంది, పాత ఫైర్‌స్టేషన్ ముందు. నిచ్చెన ఉంది, నీళ్ళ ట్యాంకుకు. నా పరీక్షలో ఎనిమిదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. తిరుగుదారి పెద్ద రోడ్డు మీద, ఒక్క రోజులో, తొంభై మీద నడిపాడు.

ఇంటి ముందు ఇంజను ఆపకుండానే దిగి, పలక మోసుకొచ్చి మా వరండాలో, తక్కెడ దించిన చోటే, గోడకు ఆనించాడు.

"మీ దగ్గరే ఉండనివ్వండి. రోజూ చూసుకోండి. దీన్ని మాత్రం సాపు రాయకండి."

పక్కింటి పెద్దమ్మ గుమ్మంలోంచి, "బుడ్డోడా, లోపలికి రారా, మంచినీళ్ళన్నా తాగి పో" అంది. "పనుంది పెద్దమ్మా" అని వెళ్ళిపోయాడు.

బడి తెరిచి నాలుగు నెలలయింది. సాపు ప్రతి మార్జిన్‌లో ఎనిమిది బొమ్మలు నా చేత్తో వేశాను, బాగా రాలేదు. కళ్ళు మూసుకుని స్కేలు పక్కకు జరపడానికి ప్రయత్నిస్తుంటాను. జరిగినట్టే ఉంటుంది గాని, కింద కనబడేది నేను కల్పించుకున్నదో, ఆమె వేసిందో నాకే నమ్మకం లేదు. కాబట్టి వెయ్యలేదు. వచ్చే సెలవుల్లో ఆ మూడు ఊళ్ళకూ మళ్ళీ వెళ్దామని బుడ్డోడికి రెండు ఉత్తరాలు రాశాను. చిత్తు కాగితం మీదే రాసి, తిరగరాయకుండా అలాగే పంపాను. జవాబు రాలేదు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది మజిలీల పక్కన మార్జిన్ ఖాళీగా ఉంది. పలక వరండాలోనే ఉంది, ఇంకా పాతలేదు.